అసుకా జర్మన్ పిల్లా, జపాన్ ఊహించుకున్న విదేశీ పిల్లా?

బొమ్మలకొలువు

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఒక బొమ్మల కథ గీస్తున్నాను. శ్రీసిటీ పక్కన ఒక ఊళ్లో జరిగే కథ. ఫ్యాక్టరీ పని మీద జపాన్ నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన అందులో ముఖ్యపాత్ర. మొన్న మొదటి నాలుగు పేజీలు మా తమ్ముడికి చూపిస్తే, వాడు ఒకే మాటన్నాడు: "అక్కా, ఈయన మనిషిలా లేడు, టూరిజం పోస్టర్‌లా ఉన్నాడు."

మళ్లీ తీసి చూసుకున్నాను. వాడు అన్నది నిజమే. వచ్చీ రాగానే నడుం వంచి దణ్ణం. నిమిషం ఆలస్యమైతే క్షమాపణ. నోరు తెరిస్తే గుసగుస. జపాన్ అనగానే నా బుర్రలో ఉన్నదంతా ఆయన నెత్తిన పెట్టేశాను.

అప్పుడు అసుకా గుర్తొచ్చింది. ఎవాంగెలియన్ అనే జపాన్ అనిమేలో (వాళ్ల కార్టూన్ సీరియల్) ఆ అమ్మాయి నాలుగో వంతు జపనీయురాలు, పెరిగింది జర్మనీలో, పౌరసత్వం అమెరికాది. ఆమెనీ ఒక దేశం ముద్ర వేసే తెచ్చారు కదా. మరి ఆమె పోస్టర్‌లా ఎందుకు అనిపించదు? 1995లో వచ్చిన సిరీస్, ఇప్పటికీ ఆమె గురించి కొట్టుకుంటున్నాం. దేశాన్ని బట్టి పాత్రకు గుణం పెట్టడం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, నాకు నిజంగా అవసరం.

ఇసార్_ఒడ్డున

అక్కా, నేను మ్యూనిక్‌లో ఉంటాను, ఆరేళ్లయింది. ఇక్కడికి వచ్చాక సిరీస్ మళ్లీ చూస్తే నాకు తట్టింది ఇది: అసుకాలో జర్మనీ చాలా తక్కువ.

ఎనిమిదో ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. అసుకా కథానాయకుడు షింజిని కూడా తను నడిపే పెద్ద రోబో యంత్రంలోకి ఎక్కించుకుంటుంది. యంత్రం మొరాయిస్తుంది. నువ్వు జపనీస్‌లో ఆలోచిస్తున్నావు, అందుకే ఇలా అవుతోంది, జర్మన్‌లో ఆలోచించు అని గద్దిస్తుంది. ఆ పిల్లాడు బుర్ర గోక్కుని, తనకు తెలిసిన ఒకే ఒక్క జర్మన్ మాట అంటాడు: "బౌమ్‌కూహెన్". అది కేకు పేరు! చెట్టు కాండంలో వలయాల్లా పొరలు పొరలుగా కాల్చే కేకు. ఆమెకు విసుగొచ్చి భాషను జపనీస్‌కే మార్చేస్తుంది.

ఆ కేకు ఇక్కడ ఎక్కువగా క్రిస్మస్ రోజుల్లో కనిపిస్తుంది. జపాన్‌లో మాత్రం ఏడాది పొడుగునా దొరుకుతుంది, పెళ్లిళ్లలో బహుమతిగా కూడా ఇస్తారు. దాన్ని అక్కడికి తెచ్చింది కార్ల్ యూఖైమ్ అనే జర్మన్ మిఠాయివాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జపాన్‌కు ఖైదీగా చిక్కి, 1919లో హిరోషిమాలో ఖైదీలు చేసిన వస్తువుల ప్రదర్శనలో ఆ కేకు పెట్టాడు. ఆ ప్రదర్శన జరిగిన భవనమే ఇవాళ మనం అణుబాంబు స్మారకంగా చూసే గుమ్మటం. అంటే షింజి నోట వచ్చింది జర్మనీ కాదు, జపాన్ ఇంట్లో ఎప్పుడో స్థిరపడిపోయిన జర్మనీ.

అసుకా గుణం కూడా అంతే. మనసులో ఉన్నది మొహాన అనేస్తుంది. నలుగురిలో తానే ముందు నిలబడాలి. మాటకు ముందు "అంటా బాకా?", అంటే "నీకేమైనా పిచ్చా?" అని. ఇది ఏ జర్మన్ లక్షణమో ఇక్కడ నా పక్క సీటు ఆయన్ని అడిగితే ఆయనకు అంతుబట్టలేదు. జర్మన్ల మీద లోకం వేసే ముద్ర వేరు: నియమం, క్రమం, తక్కువ మాట. అవన్నీ ఇంకో పైలట్ పిల్ల రేయికి ఇచ్చారు, ఆమె విదేశీ పిల్ల కాదు! జపాన్ బడిలో పైకి చూపేది తతెమాయె, లోపల దాచుకునేది హోన్నె. ఆ రెండింటి మధ్య గోడ లేని పిల్ల అసుకా. ఆ గోడ లేకపోవడాన్నే వాళ్లు "విదేశీ" అనుకుంటారు.

రోబోరాజు

ఇసార్ గారు, భలే చెప్పారు. దీనికి ఇంకోటి కలుపుతాను. ఆమె పూర్తి పేరు అసుకా లాంగ్లీ సోర్యూ, తల్లి పేరు క్యోకో జెప్పెలిన్ సోర్యూ. సోర్యూ జపాన్ విమానవాహక నౌక, 1942లో మిడ్‌వే యుద్ధంలో మునిగింది. లాంగ్లీ అమెరికా నౌక. గ్రాఫ్ జెప్పెలిన్ జర్మనీ నౌక, నీళ్లలోకి దించారు గానీ ఎప్పటికీ పూర్తి కాలేదు. మూడు దేశాల యుద్ధనౌకలు తల్లీకూతుళ్ల పేర్లలో ఉన్నాయి. ఆ పిల్ల మొదటిసారి మన కంటపడేది కూడా విమానవాహక నౌక మీదే, పసుపు గౌనులో. కాకతాళీయం కాదు.

దేశాల పోస్టర్లే చూడాలంటే 1994 నాటి 'జి గన్‌డమ్' సిరీస్ చూడండి. నాలుగేళ్లకోసారి దేశాలు ఒక్కో రోబోను పంపి కొట్టుకుంటాయి, గెలిచినవాళ్లది పెత్తనం. హాలండ్ రోబో ఏంటో తెలుసా? గాలిమర! మెక్సికోది టకీలా గన్‌డమ్. మన ఇండియాది కోబ్రా గన్‌డమ్, నాగుపాము. చిన్నప్పుడు చూసి "అరే, మనదీ ఉంది" అని గంతులేశాను. పెద్దయ్యాక చూస్తే పాములాటేనా అని బాధేసింది.

అయితే అందులోనే అమెరికావాడు చిబొడీ ఉన్నాడు. బాక్సర్, నోటి దురుసు, చుట్టూ నలుగురు అమ్మాయిలు. నూటికి నూరుపాళ్లు పోస్టర్. కానీ వాడికి సర్కస్ జోకర్లంటే వణుకు. చిన్నప్పుడు సర్కస్‌లోనే తల్లి దూరమైంది. ఆ ఒక్క ఎపిసోడ్‌తో వాడు నాకు మనిషయ్యాడు. ఆ భయం అమెరికాది కాదు కదా, వాడిది.

గన్నవరం_గాలిపటం

నేను కొంచెం అడ్డం పడతాను, ఏమనుకోకండి. ఇసార్ గారూ, అసుకాలో జర్మనీ లేదంటే ఎలా? పద్నాలుగేళ్లకే యూనివర్సిటీ చదువు పూర్తి. శిక్షణలో ఒక్క మార్కు తగ్గినా ఓర్చుకోలేదు. పనిలో లోటు ఉండకూడదన్న పట్టుదల జర్మన్ల గురించి అందరూ చెప్పేదే కదా.

ఇంకో మాట. పోస్టర్ అయినంత మాత్రాన తప్పా? గర్ల్స్ ఉండ్ పాంజర్ నాకు ప్రాణం. 2012లో వచ్చింది. అమ్మాయిల బడుల మధ్య ట్యాంకుల పోటీ. ఒక బడి ఇంగ్లండ్‌లా, ఒకటి అమెరికాలా, ఒకటి రష్యాలా, ఒకటి ఇటలీలా ఉంటుంది. అసలు విషయం ఏంటంటే, పిల్లలందరూ జపాన్ పిల్లలే! దేశం వాళ్లకు బడి యూనిఫాం లాంటిది. ఇంగ్లండ్ తరహా బడి కెప్టెన్ చర్చిల్ ట్యాంకులో కూర్చుని, ట్యాంకు ఎంత కుదిపినా కప్పులో టీ చుక్క కూడా ఒలకదని చెప్పుకుంటుంది. ఆమె పేరు డార్జిలింగ్. పక్కన ఉండే పిల్ల పేరు అస్సాం. మన తేయాకు ప్రాంతాల పేర్లు పెట్టుకుని ఇంగ్లీషు దొరసానుల్లా కూర్చుంటారు. తేయాకు మనది, కప్పు వాళ్లది, బొమ్మ జపాన్‌ది. చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది.

అమెరికా తరహా బడి కెప్టెన్ పేరు కే, ఆమె కూడా అంతే. గోల గోలగా ఉంటుంది, ట్యాంకులు లెక్కలేనన్ని. కానీ తనవాళ్లు ఎదుటి జట్టు రేడియో దొంగచాటుగా విన్నారని తెలియగానే, అవతలివాళ్ల దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయో అన్నే తెమ్మంటుంది. ఆ సీన్‌కి నేను లేచి నిలబడ్డాను. ముద్ర ఎప్పుడూ కించపరచడానికే వెయ్యరు.

ఇసార్_ఒడ్డున

గాలిపటం గారూ, పట్టుదల మాట ఒప్పుకుంటాను. కానీ ఆ పట్టుదల ఎక్కణ్నుంచి వచ్చిందో ఇరవై రెండో ఎపిసోడ్ చెబుతుంది. ప్రయోగంలో తల్లికి మతి చెడింది. కూతురు ఎదురుగా ఉన్నా ఒక గుడ్డబొమ్మనే కూతురనుకుని లాలించేది. పైలట్‌గా ఎంపికయ్యానని చెబితే అమ్మ నావైపు చూస్తుందని పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్లిన రోజే తల్లి ప్రాణం తీసుకుంది. ఆ పిల్ల ఫస్టు రావాలనుకోవడం జర్మనీ కోసం కాదు. ఎవరో ఒకరు తనవైపు చూడాలి, అంతే. ముందు ముద్ర చూపించి, తర్వాత దాని వెనక ఉన్న గాయాన్ని చూపించారు. చిబొడీ గురించి రోబోరాజు గారు చెప్పిందీ ఇదే అనుకుంటా.

పాతక్యాసెట్

నాకు నలభై అయిదేళ్లు. మీకంటే ముందు తరం వాణ్ని. మనవాళ్ల గురించి రోబోరాజు ఎత్తాడు కాబట్టి చెబుతాను.

జపాన్ బొమ్మల్లో ఇండియా రెండు రూపాల్లో వచ్చింది. ఒకటి తపస్వి, రెండోది కూర. 1972లో రెయిన్‌బోమ్యాన్ అని టీవీ సీరియల్ వచ్చింది. హీరో ఇండియాకొచ్చి దేవదత్తుడనే ఋషి దగ్గర శక్తులు నేర్చుకుంటాడు. బుద్ధుడి దేశం కాబట్టి మహిమలన్నీ ఇక్కడే ఉన్నాయన్న నమ్మకం. 1991లో వీడియో గేమ్ షాపులో స్ట్రీట్ ఫైటర్‌లో ధాల్సిమ్ వచ్చాడు. చేతులు సాగుతాయి, నోట్లోంచి నిప్పు, మెడలో పుర్రెలు. మా బ్యాచ్‌లో అందరం పోటీపడి వాణ్నే ఎంచుకునేవాళ్లం, ఎందుకంటే మనవాడు. ఆ పుర్రెలు ఊళ్లో రోగమొచ్చి చచ్చిపోయిన పిల్లలవని, వాళ్ల జ్ఞాపకంగా వేసుకుంటాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది తెలిసిన రోజు వాడి మీద గౌరవం పెరిగింది. కానీ ఆటలో ఆ సంగతి ఎవడికి కనపడుతుంది? కనపడేవి పుర్రెలే.

ఇక కూర. కిన్నికుమాన్ అనే కుస్తీల కథలో ఇండియా వస్తాదు పేరు కర్రీ కుక్, నెత్తి మీద కూరా అన్నం పళ్లెం! చైనావాడు రామెన్‌మాన్, ఇంగ్లండువాడికి ఇనప కవచం. అయితే ఆ పళ్లెంలో ఉన్నది మన కూర కాదు. మెయిజీ కాలంలో ఇంగ్లీషువాళ్ల ద్వారా జపాన్ చేరిన కర్రీ. ఇండియా వంట ఇదిరా అని అక్కడ చూపించినవాడు రాస్‌బిహారీ బోస్. బ్రిటిష్ పోలీసుల నుంచి తప్పించుకుని 1915లో టోక్యో చేరాడు. నకమురాయా అనే బేకరీ కుటుంబం దాచిపెట్టింది, వాళ్లమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. 1927లో ఆ దుకాణంలో అసలు ఇండియా కూర మొదలైంది. పళ్లెం వెనక ఇంత ఉద్యమ చరిత్ర ఉంది. వస్తాదు నెత్తి మీద మాత్రం పళ్లెమే మిగిలింది.

బ్లాక్ బట్లర్ అనే అనిమే చూసినవాళ్లకు సోమా, అగ్ని గుర్తుంటారు. విక్టోరియా కాలం లండన్, క్రిస్టల్ ప్యాలెస్‌లో కూరల పోటీ. బెంగాల్ రాకుమారుడు సోమా, అతని సేవకుడు అగ్ని, చేయి పెడితే అమృతం. చివరికి గెలిచేది ఏది? లోపల కూర పెట్టి నూనెలో వేయించిన బన్ను. కత్తీ ఫోర్కూ లేకుండా చిన్నపిల్లలు కూడా తినగలరని రాణికి నచ్చుతుంది. ఆ బన్ను జపాన్ కనిపెట్టిన పలహారం! ఇండియా కూర, ఇంగ్లండు పోటీ, గెలుపు జపాన్‌ది. అయినా అగ్ని అంటే నాకిష్టం. యజమాని మీద అతనికున్న ప్రేమ, ఆ ప్రేమ కోసమే యజమానిని వదిలి వెళ్లి పడే నరకం, వాటికి దేశం లేదు.

మానుకోట_పిల్లగాడు

అన్నలూ అక్కలూ, గుణం గురించి మస్తు మాట్లాడిన్రు. మాట గురించి ఎవ్వరూ ఎత్తలే. నాకు అదే అసలు సంగతనిపిస్తది.

గింతామా అనే అనిమేల కగురా అనే పోరి ఉంటది. మాట చివర్ల "అరు" అని తగిలిస్తది. చైనా మనిషి అని చూపెట్టాల్నంటే జపాన్ కథల్ల గట్లనే మాట్లాడిస్తరు. నిజంగ చైనాల పుట్టి జపనీస్ నేర్సుకున్నోళ్లు గట్ల మాట్లాడరు. కిన్‌సుయి సతోషి అనే భాషా పండితుడు దీనికి "యకువారిగో" అని పేరు పెట్టి, 2003ల పుస్తకమే రాసిండు. పాత్రకు అంటగట్టిన భాష అన్నట్టు. ముసలాయనకొకటి, పల్లెటూరోనికొకటి, చైనాయనకొకటి. నోరు తెరిస్తే సాలు, వీడెవడో సూసెటోనికి ఎర్కయితది. రాసెటోనికి పని అల్కగైతది.

ఇది సదివినప్పుడు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మన సినిమాల మార్వాడీ సేటు "నిమ్మల్కి నమ్మల్కి" అంటడు. ఏ సేటన్నా గట్ల మాట్లాడంగ విన్నరా? నేనైతే వినలే. మా వరంగల్ దిక్కు దుకాణాల సేట్లు మాకన్న మంచిగ తెలంగాణ మాట్లాడుతరు. ఇగ మా భాష సంగతి మీకు తెల్వంది కాదు. శానా ఏండ్లు రౌడీకి, హాస్యగానికి మాత్రమే మా మాట ఇచ్చిన్రు. హీరోకు ఇయ్యలే. హైదరాబాద్ హాస్టల్ల చేరిన మొదటి దినం నేను "ఏడికి పోతున్నరు" అంటే రూమంత నవ్విన్రు. నేను జోకేమీ వెయ్యలే. పాత్ర కోసం ఎవరో రాసిపెట్టిన నవ్వు, నా మీద పడ్డది. ఇప్పుడు మారింది, హీరోలు గూడ మా మాట మాట్లాడుతున్నరు, సంతోషం. గని ఆ దినం మర్సిపోలే.

గందుకే అక్కా, మీ ఇంజినీరుకు గుణం పెట్టే ముందుగాల మాట సూడున్రి. ఆయన తెలుగు మాట్లాడితే వచ్చీరాని మాటల్తోని నవ్వించకున్రి.

గన్నవరం_గాలిపటం

తమ్ముడూ, నీ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. ముద్ర కించపరచడానికే కాదని పైన అన్నాను. వేసేవాడి ఉద్దేశం చూశాను, పడేవాడి హాస్టల్ గది చూడలేదు. ఆ మాట సగమే నిజం.

ఇసార్_ఒడ్డున

అదే సంగతి హెటాలియాకు జరిగింది. దేశాలనే మనుషులుగా గీసిన కథ. ఇటలీ పాస్తా తింటూ తెల్లజెండా ఊపుతాడు, జర్మనీ క్రమశిక్షణ, ఇంగ్లండుకు వంట రాదు, అమెరికా నేనే హీరో అంటాడు. పేరే ఇటలీని పనికిమాలినవాడనే మాటతో కలిపి కట్టింది. ఇటలీ గొడవ చెయ్యలేదు. కొరియా పాత్ర మీద మాత్రం కొరియావాళ్లకు మండింది. అన్నీ మా దేశంలోనే పుట్టాయని ప్రతిదానికీ వాదించే కుర్రాడిగా గీశారు. 2009 జనవరిలో టీవీ ప్రసారం ఆపేసి ఇంటర్నెట్‌లో వదిలారు. అనిమేలో ఆ పాత్రే లేకుండా పోయింది.

ఇటలీకీ కొరియాకూ తేడా ఏమిటి? జపాన్ ఎన్నడూ ఇటలీని ఏలలేదు. కొరియాను 1910 నుంచి 1945 దాకా ఏలింది. పేర్లు మార్పించింది, బడుల్లో వాళ్ల భాషను అణిచింది. ఏలినవాడు ఏలబడినవాణ్ని "వీడు అన్నీ నావంటాడు" అని గీస్తే ఆ గీతకు బరువు వేరే ఉంటుంది. ఎవరు ఎవర్ని గీస్తున్నారన్నది చూడకుండా ముద్ర మంచిదా చెడ్డదా అని తేల్చలేం.

మంచుబిళ్ల

కొత్త మెంబర్ని, మొదటి పోస్టు. యూరీ ఆన్ ఐస్ ఎవరూ చెప్పలేదేంటి? 2016, పన్నెండే ఎపిసోడ్లు, మంచు మీద స్కేటింగ్. అందులో థాయిలాండ్ కుర్రాడు ఫిచిత్ ఉన్నాడు. థాయ్ అనగానే ఏనుగో, గుడి గోపురమో, కిక్‌బాక్సింగో వస్తుందని కూర్చున్నాను. ఏవీ రాలేదు. ఫోన్ చేతిలోంచి దించడు, అందరితో సెల్ఫీలు. తన దేశంలో మంచు ఆటకు పేరు తేవాలని కల. దేశం అతని కలలో ఉంది, గుణంలో లేదు. మన దగ్గర వింటర్ ఒలింపిక్స్‌కు వెళ్లేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కదా, అందుకేనేమో అతను నాకు బాగా దగ్గరివాడనిపించాడు.

తడ_లోకల్

అక్కా, మీ కథ మా ఊరి పక్కనే కాబట్టి రాస్తున్నా. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్లు చేశాను. జపాన్ ఆయన ఒకరు మా లైను చూసుకునేవారు. టైముకు రావడం నిజమే, అబద్ధం చెప్పను. మిగతాది మీరు గీసినట్టు లేదు.

కోపం బాగా ఎక్కువ. గ్రీజు డబ్బా మూత తీసి వదిలేస్తే గ్లోవ్స్ తీసి బల్లకేసి కొట్టేవారు. పది నిమిషాల తర్వాత వచ్చి మూత తనే పెట్టేవారు. సూళ్లూరుపేటలో బంగినపల్లి కాయలు బేరమాడితే బండివాడు దణ్ణం పెట్టాల్సిందే. ఆదివారం కెమెరా పట్టుకుని నేలపట్టుకు పోయి గూడబాతుల్ని చూస్తూ పొద్దుగూకేదాకా కూర్చునేవారు. అన్నంలో పెరుగు పడేది కాదు, మజ్జిగైతే రెండు గ్లాసులు.

క్యాంటీన్‌లో వడ్డించే ఆమెను మేం అక్కా అంటాం. ఆయన వాళ్ల అలవాటు కొద్దీ వెనక గౌరవానికి సాన్ తగిలించి "అక్కాసాన్" అనేవారు. వాళ్ల భాషలో ఓకాసాన్ అంటే అమ్మ అట. ఆ పిలుపు తన చెవికే అమ్మా అన్నట్టు వినపడి ఆయనకే నవ్వొచ్చేది. ఆమె కూడా కొడుక్కి పెట్టినట్టే కొసరి పెట్టేది. మధ్యాహ్నం భోజనమయ్యాక వాళ్ల పాప ఫోన్ చేసేది. లోపల సిగ్నల్ అందదు. స్టోర్సు వెనక కంచె దాకా పోయి మాట్లాడేవారు, ఒక్కోసారి పాట పాడేవారు. మేం విననట్టు ఉండేవాళ్లం.

మానుకోట_పిల్లగాడు

అన్నా, అక్కాసాన్ అనేది వచ్చీరాని తెలుగు కాదే. ఆయన సొంతం. పైన నేను చెప్పిన దాంట్ల ఇది రాదు.

బొమ్మలకొలువు

రాత్రంతా కూర్చున్నాను. మొదటి ఫ్రేములో దణ్ణం తీసేశాను. ఇప్పుడు కథ గ్రీజు డబ్బా మూతతో మొదలవుతుంది, ఆయన మొహం కనపడదు, బల్ల మీద పడ్డ గ్లోవ్స్ మాత్రమే. తడ అన్నా, "అక్కాసాన్" వాడుకోవచ్చా? మీరు సరేనంటేనే.

నడుం వంచడం పూర్తిగా వదల్లేదు. నాలుగో పేజీకి మార్చాను. పాప పుట్టినరోజు, ఫోన్ కలవడం లేదు. సిగ్నల్ కోసం కంచె కింద నుంచి వంగి అవతలికి దూరుతున్నాడు, చొక్కా ఎక్కడో చిక్కుకుంది. వెనక క్యాంటీన్ ఆమె చూస్తోంది, పిలవడం లేదు. ఆ కంచె గోడా అన్నా, ముళ్లతీగా? అవతల ఏముంటుంది? పొద్దున్నే గీయాలి.

తడ_లోకల్

వాడుకోక్కా, అడగాలా. ముళ్లతీగే, మూడు వరసలు, కింది వరస తెగి ఉంటుంది. అవతల సరుగుడు తోట. మధ్యాహ్నం గాలికి బాగా హోరు చేస్తుంది, అందుకే ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకునేవారు, ఎడమ చెవికి.